ఆయమ్మ ఎవరి మనిషి?

"ఏం మే, నీకేంటికి ఈ నరుకుడు సినిమా?"

"మొదటిదానికి నువ్వొక్కనివే పోయొస్తివి. ఏమన్నంటినా? ఈ రెండోదాంట్లో ఆయమ్మ ఉందంట. చూడల్ల."

"ఏ ఆయమ్మ?"

"ఏ ఆయమ్మో నీకు తెలీనట్ల!"

2010 డిసెంబర్ 3, శుక్రవారం, ధర్మవరం. పొద్దున్నే గుంత మగ్గంలో కాళ్లు పెట్టాల్సిన మనిషి ఆ రోజు పెట్టలేదు. వార్పులో ఆఖరి చీర. కొంగు నేయడమొక్కటే మిగిలింది. షావుకారు మనిషిని పంపితే రేపిస్తానని చెప్పి తిప్పి పంపాడు. భార్య కండెలు చుట్టే పని పక్కింటి పిల్లకు అప్పజెప్పి, తలలో కనకాంబరాలు పెట్టుకొని వాకిట్లో నిలబడింది. వాళ్లు మ్యాట్నీకి పోతున్నది రామ్‌గోపాల్ వర్మ తీసిన "రక్తచరిత్ర 2"కు. మొదటి భాగం అక్టోబర్ 22న వచ్చింది. సరిగ్గా ఆరు వారాలకే రెండోది దిగింది.

ఈ నేతగాని దంపతులకు ఇక్కడ పేర్లు పెట్టడం లేదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఊళ్లలో ఆ వారం మగ్గాల ఇళ్లలో, టీ అంగళ్లలో, సినిమా హాళ్ల బయట సాగే మాటలను ఒకచోట చేర్చి మళ్లీ అల్లిన మనుషులు వీళ్లు. పేర్లతో వచ్చే మనుషులు, తేదీలు, ఎన్నికలు మాత్రం అల్లినవి కావు.

ఆమె చూడాలన్న "ఆయమ్మ" పేరు సినిమాలో భవాని. వేసింది ప్రియమణి. మొదటి భాగంలో ఆ పాత్ర లేదు. అందులో వివేక్ ఒబెరాయ్ ప్రతాప్ రవి, రాధికా ఆప్టే అతని భార్య నందిని, అభిమన్యు సింగ్ బుక్కారెడ్డి. రెండో భాగంలో సూర్యనారాయణ రెడ్డిగా తమిళ హీరో సూర్య వచ్చాడు. అతని భార్యగా భవాని వచ్చింది. వేరే జిల్లాల్లో టికెట్ కొన్నవాడికి అవి ఐదు పాత్రల పేర్లు. ధర్మవరంలో కొన్నవాడికి ఆ ఐదు పేర్ల వెనక ఐదు అసలు పేర్లున్నాయి. తెర మీద మాట ఒకటి పడితే, మనసులో మాట ఇంకొకటి పడుతుంది.

ఆ అసలు పేర్ల సంగతి ఎక్కడా దాపరికం కాదు. పరిటాల శ్రీరాములు 1975లో హత్యకు గురయ్యాడు. ఆయన కొడుకు పరిటాల రవీంద్ర 1994లో పెనుకొండ నుంచి తెలుగుదేశం తరఫున గెలిచి ఎన్టీఆర్ మంత్రివర్గంలో చేరాడు. అంతకు ముందటేడు, 1993లో, మద్దెలచెరువులో గంగుల సూర్యనారాయణ రెడ్డి ఇంట్లో టీవీలో అమర్చిన బాంబు పేలింది. ఆ ఇంటివాళ్లు చనిపోయారు. సూరి ఒక్కడు మిగిలాడని, పగ కూడా అతనితోనే మిగిలిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. 1997 నవంబర్ 19న హైదరాబాద్‌లో రామానాయుడు స్టూడియో దగ్గర కారు బాంబు పేలి 26 మంది పోయారు. రవి గాయాలతో బయటపడ్డాడు. ఆ కేసులో సూరికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ రోజు స్టూడియోలో జరిగింది శ్రీరాములు జీవితం ఆధారంగా మోహన్‌బాబుతో తీస్తున్న "శ్రీరాములయ్య" ముహూర్తం. ఈ పగలో పేలిన రెండు పెద్ద బాంబుల్లో ఒకటి టీవీ డబ్బాలో, రెండోది సినిమా ముహూర్తం బయట. వర్మ రాకముందే ఈ కథకు తెరతో సావాసం ఉంది.

2005 జనవరి 24న అనంతపురం తెలుగుదేశం ఆఫీసు దగ్గర రవిని కాల్చి చంపారు.

ఇవన్నీ మగవాళ్ల సంగతులు. పేపర్లు రాసింది ఇవే, వర్మ తీసింది ఇవే. ఆ నేతగాని భార్య చూడడానికి పోయింది ఇవి కావు.

హాల్లో సూర్య కనబడగానే ఈలలు లేచాయి. "గజిని" తెలుగులోకి వచ్చిన 2005 నుంచి అతనికి ఇక్కడ అభిమానులున్నారు. కాగితాలు చించి ఎగరేశారు. ఈల వేసినవాడు సినిమా సూర్యకు వేశాడా, మద్దెలచెరువు సూరికి వేశాడా అంటే, వేసినవానికైనా తెలుసో లేదో. ముందు వరసలో ఒకడు "సూరన్నా!" అని అరిచాడు. వెనక వరసలో ఇంకొకడు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు అర్థం కావాలంటే ఇక్కడ పుట్టాలి.

ప్రియమణి తెర మీదికి వచ్చినప్పుడు ఈల పడలేదు.

హీరోయిన్ కనబడితే ఈల వేయడం మన హాళ్లలో ఆనవాయితీ. మూడేళ్ల కిందట "యమదొంగ"లో ఇదే ప్రియమణికి ఇవే హాళ్లలో ఎంత గోల జరిగిందో అందరికీ గుర్తుంది. ఇప్పుడు ఎవరూ నోట్లో వేళ్లు పెట్టలేదు. ఒక్క క్షణం హాలంతా సర్దుకొని కూర్చుంది.

"మర్యాద లెక్క," అన్నాడు నేతగాడు ఆ తరవాత. "బతికుండే మనిషి. రేపు ధర్మవరం బస్టాండులో ఎదురైతే? ఆయమ్మ ముఖం చూస్తూ ఈలేస్తామా?"

భార్య నవ్వింది. "ఆయప్పకు ఈలేస్తే మర్యాదా? ఆయమ్మకు ఏస్తే మర్యాద కాదా?"

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గర కూడా పూర్తి జవాబు లేదు కానీ, కొంత చెప్పగలను. ఈలకు దూరం కావాలి. సూరి జైల్లో ఉన్నా బయట ఉన్నా ఈ జనానికి పేపర్లో బొమ్మ. ఆయన భార్య గంగుల భానుమతి అట్లా కాదు, ఊరూరా తిరిగి ఓటడిగిన మనిషి. 2004 ఎన్నికల్లో సూరి జైల్లో ఉండగా ఆమె పెనుకొండలో కాంగ్రెస్ అభ్యర్థిగా పరిటాల రవి మీదే పోటీ చేసింది. ఓడిపోయింది. ఏడాది తిరక్కుండానే రవి హత్య జరిగింది. ఉప ఎన్నికలో ఆయన భార్య పరిటాల సునీత అదే పెనుకొండలో నిలబడి గెలిచింది. అంటే పన్నెండు పద్నాలుగు నెలల్లో ఒకే నియోజకవర్గం ఓటర్ల ముందుకు ఆ ఇద్దరు భార్యలూ ఒకరి తరవాత ఒకరు వచ్చారు. నందిని, భవాని పాత్రలను వర్మ రాసుకోకముందే పెనుకొండ జనం ఆ ఇద్దరి అసలు మనుషులకు ఓటు వేయడమో, వేయకపోవడమో చేశారు. సినిమాకు టికెట్ కొన్నవాళ్లు ప్రేక్షకులయ్యే ముందే ఓటర్లు.

నేతగాని భార్య పుట్టినిల్లు కనగానపల్లి మండలంలో. అప్పట్లో అది పెనుకొండ నియోజకవర్గమే. 2009 ఎన్నికల నాటికి రాప్తాడు కొత్తగా ఏర్పడితే రామగిరి, కనగానపల్లి అందులోకి పోయాయి. ఇంటర్వెల్లో ఆమె పక్క సీటు ముసలామెతో మాట కలిపింది.

"అమ్మా, మీదే ఊరు?"

"చెన్నేకొత్తపల్లి పక్క. కొడుకు ఈడ మగ్గం నేస్తాడు."

"ఎట్లుంది ఆయమ్మ?"

"సక్కగుండాది. యాక్టింగు బాగ చేసిండాది. అదేంటికి మే, ఆయమ్మ నోరే తెరవదు? జైలు కాడికి పోతాది, వస్తాది, నిలబడ్తాది. మా ఊరికి ఓట్లకు వచ్చినప్పుడు ఎండలో ఇంటింటికీ తిరిగింది కదా. అదేమి చూపిచ్చలేదే?"

"చూపిస్తారేమోలే, ఇంకా సగముంది."

"ఆ సగంలో గూడా కొడవళ్లే ఉంటాయి, చూస్తాండు."

ఆ ముసలామె విమర్శ మీద ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వర్మకు ఆడ పాత్ర రాయడం చేతకాక ఇలా జరగలేదు. 1998లో వచ్చిన "సత్య"లో గ్యాంగ్‌స్టర్ భికూ మాత్రే పెళ్లాం ప్యారీ ఉంది. షెఫాలీ ఛాయా వేసింది. మొగుణ్ని తిడుతుంది, పోట్లాడుతుంది, ముద్దు చేస్తుంది. ఆ చిన్న పాత్రకే ఆమెకు ఫిల్మ్‌ఫేర్ క్రిటిక్స్ అవార్డు వచ్చింది. ముంబై మాఫియావాడి ఇంట్లో అంత ప్రాణం పోయగలిగినవాడు అనంతపురం కక్షల ఇంటికి వచ్చేసరికి ఆడవాళ్లను గడప దగ్గరే ఆపేశాడు. కారణం నాకు తోచినంతలో ఇది: ప్యారీ కల్పితం, ఆమె చేత ఏమైనా చేయించొచ్చు. భవాని వెనక ఒక పేరుంది, ఒక పార్టీ ఉంది, ఒక ఊరుంది. ఆ పేరును ముట్టుకుంటే ఏమవుతుందోనని కథకుడు ఆమెను ఏడ్పించి, మౌనంగా నిలబెట్టి, పక్కకు తప్పుకున్నాడు. భయమో, గౌరవమో, తొందరో. మగవాళ్ల దగ్గర మాత్రం ఆ మూడూ అడ్డు రాలేదు. అదే నాకు నచ్చని సంగతి.

ప్రియమణి తక్కువ నటి ఏమీ కాదు. తమిళంలో "పరుత్తివీరన్" చేసి జాతీయ ఉత్తమ నటి అవార్డు తీసుకుంది. అందులో ఆమెది ఊరిపిల్ల పాత్ర, నోరున్న పాత్ర, పగల మధ్య నలిగే పాత్ర. ఆ సినిమా చూసినవాళ్లు భవానిగా ఆమెను ఎంచుకున్నారంటే ఎంతో ఊహించుకున్నారు.

హిందూపురం లెక్క వేరు. అక్కడి నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరం. పట్టుగూళ్ల మార్కెట్లో తెలుగు మాట సగంలో కన్నడం అయిపోతుంది, కన్నడం మాట సగంలో తెలుగవుతుంది. సినిమాలో పోలీసు ఆఫీసరు మోహన్ ప్రసాద్‌గా సుదీప్ ఉన్నాడు. ప్రియమణి బెంగళూరులో పెరిగిన పిల్ల. ఏడాది కిందటే పునీత్ రాజ్‌కుమార్ పక్కన కన్నడ "రామ్"లో ఆడింది, పాడింది. కాబట్టి హిందూపురం కుర్రాళ్లకు ఆమె ముందు ప్రియమణి, తరవాతే భవాని.

"ఒక్క పాటన్నా ఇచ్చింటే పోయేది కదన్నా," అన్నాడు గూళ్ల బుట్టలు మోసే కుర్రాడు, మార్కెట్ బయట టీ తాగుతూ.

"పాటా? జైలు ములాఖత్ కాడ పాటేందిరా?"

"కలలో పెట్టుకోవచ్చు కదన్నా. అందరూ పెడ్తారు."

గుంపంతా నవ్వింది. దాంట్లో తప్పేమీ లేదు. నటిని నటిగా చూసి, పాట లేదని బాధపడడం కూడా అభిమానమే. చెప్పాలంటే, ఆ మూడూళ్లలో ప్రియమణిని ప్రియమణిగా చూసింది హిందూపురమే.

హిందూపురానికి మంట వేరేచోట ఉంది. మొదటి భాగంలో శివాజీరావు అనే సినిమా హీరో కొత్త పార్టీ పెట్టి ముఖ్యమంత్రి అవుతాడు, శత్రుఘ్న సిన్హా వేశాడు. అది ఎవరో చెప్పనక్కర్లేదు. 1985, 1989, 1994లో ఎన్టీఆర్‌ను గెలిపించిన ఊరు ఇది. ఆయన పోయాక 1996లో కొడుకు హరికృష్ణను గెలిపించింది. ఆ పాత్ర తీరు మీద అభిమానులు, తెలుగుదేశం వాళ్లు మొదటి భాగం నాడే అభ్యంతరం చెప్పారు. శివాజీరావు కోసం నొచ్చుకున్న ఊరు, నందిని కోసం గాని భవాని కోసం గాని అభ్యంతరం చెప్పలేదు. వాళ్లకు అన్యాయం జరిగిందని ఎవరికీ తోచలేదు.

పెనుకొండలో తోచింది. కాకపోతే అక్కడ మాట సూటిగా రాదు.

కొండకింద బస్టాండు దగ్గర టీ అంగడి. పైన విజయనగర రాజుల కోట గోడలు. రామగిరి పక్క నుంచి వచ్చిన మామ, మద్దెలచెరువు పక్క నుంచి వచ్చిన అల్లుడు. వరస పెట్టి పిలుచుకుంటారు గానీ ఓటు ఒక్క తట్టు వేయరు. ఇద్దరూ సినిమా చూశారు, వేరువేరు ఆటలు.

"ఎట్లుంది అల్లుడా మీ సినిమా?"

"మాదేంటికైతాది మామా? మొదటిది మీది, రెండోది మాదా?"

"అట్లనే తీసినాడు కదా వర్మ. మొదటిదాంట్లో మా రవన్న కష్టం, రెండోదాంట్లో మీ సూరి కష్టం. త్రాసులో పెట్టినట్ల తూచినాడు."

అల్లుడు టీ ఊదుకున్నాడు. "తూకం బాగనే ఉంది గానీ, ఆడోళ్లను ఏ తట్టలో పెట్టినాడు? మీ సునీతమ్మ ఇప్పుడు ఎమ్మెల్యే. మైకు ముందర నిలబడి మాట్లాడేది చూసినాం. సినిమాలో నందినమ్మ అన్నం పెట్టేది, బిక్కుబిక్కుమని చూసేది. ఇదేనా?"

"మీ భవానమ్మకు మాత్రం ఏం ఇచ్చినాడు?"

"అదే చెప్తాండా. ఆ మాట మీద నువ్వు నేను ఒకటే."

మామ నవ్వాడు. ఆ ఇద్దరూ ఒక రాజకీయ సంగతి మీద ఒకటవడం ఆ అంగడివాడు అంతకుముందు చూసి ఉండడు. నందినిని చూసి మామ మురిసిపోలేదు, భవానిని చూసి అల్లుడు కూడా మురిసిపోలేదు. తమ మనిషిని తక్కువ చేశారని ఇద్దరికీ ఒకే నొప్పి. మగ పాత్రల దగ్గర తట్టు వేరైన ఊరు ఆడ పాత్రల దగ్గర ఒక్కటయింది.

ఇక్కడ కాస్త ఊరు దాటి పోవాలి. నేర కథల్లో హీరో భార్యను ప్రేక్షకులు ఏం చేస్తారో ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. అమెరికన్ సీరియల్ "బ్రేకింగ్ బ్యాడ్"లో మాదకద్రవ్యాలు వండే మాస్టారి భార్య స్కైలర్ వైట్. మొగుడు చేసేది తప్పని అడ్డు చెప్పింది. అంతే, అభిమానులకు మొగుడు ముద్దయ్యాడు, ఆమె చేదయింది. పాత్ర మీద ద్వేషం ఎంతదాకా పోయిందంటే, ఆ వేషం వేసిన అన్నా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, జనం తన పాత్రను అంతగా ఎందుకు అసహ్యించుకుంటున్నారో అడగాల్సి వచ్చింది. అదే పాత్రకు ఆమెకు ఎమ్మీ అవార్డులు వచ్చాయి. అది వేరే సంగతి. మన ప్రియమణికే "ది ఫ్యామిలీ మ్యాన్"లో ఆ అనుభవం కొంత తగిలింది. 2019లో మొదటి సీజన్ వచ్చాక, గూఢచారి భార్య సుచిత్ర లోనావాలాలో ఏం చేసిందన్నది దేశం మొత్తానికి పంచాయితీ అయింది. మొగుడు పెళ్లానికి చెప్పిన అబద్ధాల లెక్క మాత్రం ఎవరూ తీయలేదు.

పెనుకొండ, ధర్మవరం ప్రేక్షకులు అట్లా చేయలేదు. భవానిని ఎవరూ తిట్టలేదు. కక్షను ఎగదోసిందనో, ఆపలేదనో ఆమె మీద నేరం మోపలేదు. వాళ్లు ఇతరులకన్నా మంచివాళ్లని నేను అనను. కారణం ఒక్కటే, స్కైలర్‌ను తిట్టినవాడు ఆమెను ఎన్నడూ సంతలో చూడబోడు. ఇక్కడ తిట్టే నోటికి ఎదుటివాడు ఎవరి బంధువో, పక్క సీటువాడిది ఏ ఊరో తెలియదు. అందుకే హాల్లో అందరి నోటా వచ్చిన మాట "ఎట్ల చేసింది?" కాదు. అడిగిందల్లా "ఆయమ్మ ఇట్ల ఉంటుందా?" అనే. పోల్చడం ఇక్కడి విమర్శ. ఆ పోలికలో ప్రియమణికి మార్కులు తగ్గితే అది ఆమె తప్పు కాదు. చేతికి ఇచ్చిన కాగితం మీద ఉన్నదే అంత.

ఇంకో లోటు భాషది. నేతగాని భార్య ఇంటికి నడుస్తూ చెప్పింది, "మన మాట మాట్లాడలేదు చూసినావా? అందరూ పేపర్లో రాసినట్ల మాట్లాడ్తారు."

"హిందీలో తీసి తెలుగు చేసింటారు."

"తీస్తే తీసినారు. ఆయమ్మ ఒక్కసారన్నా 'ఏంటికప్పా మనకీ పగ' అనింటే, నాకు ఏడుపొస్తా ఉండె."

అదీ ఆ శుక్రవారం. మరుసటి రోజు మగ్గంలో కొంగు పూర్తయింది, చీర షావుకారుకు పోయింది. సినిమా ఆడినన్నాళ్లు ఆడింది.

ఆ తరవాత జరిగింది ఏ రచయితా రాయడానికి సాహసించడు. సినిమా వచ్చి సరిగ్గా నెల. 2011 జనవరి 3, సోమవారం. అప్పటికే జైలు నుంచి బయటికొచ్చి, హైదరాబాద్‌లో కారులో పోతున్న మద్దెలచెరువు సూరిని కాల్చి చంపారు. కాల్చింది పగవాళ్లు కాదు, వెంట తిరిగిన అనుచరుడు భానుకిరణ్. 2018లో కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. సూర్య పాత్రను చూసి కాగితాలు ఎగరేసిన హాళ్లకు ఆ వార్త రాత్రికే చేరింది.

ధర్మవరం మగ్గాల వీధిలో టీవీ ఉన్న ఇంటి ముందు జనం మూగారు. నేతగాడు మగ్గం దిగి వచ్చాడు. తెర మీద అసలు మనుషులు. నెల కిందట సినిమాలో చూసిన ముఖాలు కావు. ఒక ఛానెల్‌వాడు వార్త మధ్యలో సినిమా ముక్కలు కూడా కలిపి వేస్తున్నాడు. అసలు ఊరు, సినిమా కొడవలి, అసలు కారు, సినిమా సూర్య. చూసేవాళ్లకు ఏది ఏదో కలగలిసిపోయింది.

"పాపం ఆయమ్మ," అంది భార్య.

ఈసారి ఏ ఆయమ్మ అని ఆయన అడగలేదు. గుంపులో రెండు తట్ల వాళ్లూ ఉన్నారు. ఒకరిద్దరు ముఖం తిప్పుకున్నారు, ఒకరిద్దరు "పోనీలే" అన్నారు, ఒక పెద్దాయన మాత్రం "ఇంగ ఇద్దరికీ సమానమే" అన్నాడు. ఆ మాటలోని కసి ఎంతో, జాలి ఎంతో విడదీయడం కష్టం. 2005లో సునీత, 2011లో భానుమతి. వర్మ సినిమా తీసేనాటికి ఆ లెక్క సగమే నడిచింది. రెండో భాగం అయిపోయిందనుకొని పెట్టె సర్దుకున్నాక కథ తన మూడో భాగాన్ని తనే తీసుకుంది. మగ పాత్రలిద్దరూ పోయారు. పక్క పాత్రలిద్దరూ మిగిలారు.

సునీత దారి అందరికీ తెలిసిందే. 2009లో రాప్తాడు, మళ్లీ 2014లో రాప్తాడు, చంద్రబాబు మంత్రివర్గంలో మంత్రి పదవి. 2024లో మళ్లీ రాప్తాడు ఎమ్మెల్యే. భర్త రాజకీయ జీవితం కన్నా ఆమెదే ఇప్పుడు పెద్దది. "రక్తచరిత్ర" ఈ రోజు తీస్తే ఆమె పేరు పోస్టర్ మీద ఎక్కడ పడాలో వర్మ మళ్లీ ఆలోచించుకోవాల్సిందే.

నటీమణుల దారులు కూడా తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చాయి. తెలుగులో నందినిగా మొదలైన రాధికా ఆప్టే 2014లో "లెజెండ్"లో బాలకృష్ణ పక్కన కనిపించింది. ఆ సినిమా మార్చి చివర్లో వస్తే, మేలో బాలకృష్ణ హిందూపురం ఎమ్మెల్యే అయ్యాడు. ప్రియమణి సంగతి ఇంకా బాగుంది. 2021 జులైలో "నారప్ప" వచ్చింది, వెంకటేశ్ హీరో, కథ అనంతపురం జిల్లాలో నడుస్తుంది. అందులో ఆమె సుందరమ్మ. నేత చీర కట్టి, ఎండలో నడిచి, సీమ మాట మాట్లాడే తల్లి. అది కూడా పగ కథే, ఆమెది అందులోనూ పక్క పాత్రే. కానీ ఆమె నోరు తెరిచింది. మొగుణ్ని అడిగింది, కొడుకును వెనకేసుకొచ్చింది. హాళ్లు మూతపడిన రోజులు కాబట్టి జనం ఇంట్లోనే ఫోన్లలో చూశారు. ధర్మవరం ఆడవాళ్లు పదకొండేళ్ల కింద అడిగింది ఆ ఫోన్ల తెర మీద దక్కింది.

"ఇది ఆ భవానినే కదా?" అని ఎవరో అడిగితే, "ఇప్పుడు మాటలొచ్చినాయి" అన్నారట ఇంకెవరో. అన్నారో లేదో, అనదగిన మాట.

2022లో అనంతపురం జిల్లా రెండయి, ఈ మూడూళ్లూ శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ అప్పటికే నడుస్తోంది. ఒకప్పుడు జీపు చప్పుడు వింటే తలుపులు మూసుకున్న పల్లెల కుర్రాళ్లు ఇప్పుడు కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు పోతున్నారు. కక్షలు పోయాయని నేను పూచీ ఇవ్వను. వాటికి ఎక్కే కుర్రాళ్లు తగ్గారన్నది మాత్రం ఎవరికైనా కనబడుతుంది.

2024 ఎన్నికల్లో పెనుకొండలో ప్రధాన పార్టీల అభ్యర్థులు ఇద్దరూ ఆడవాళ్లే. తెలుగుదేశం నుంచి సవిత, వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ఉషశ్రీ చరణ్. సవిత గెలిచి మంత్రి అయ్యింది. చేనేత, జౌళి శాఖ ఆమె చేతికొచ్చింది కాబట్టి ధర్మవరం మగ్గాలవాళ్లు ఇప్పుడు అర్జీలు పట్టుకొని పోయేది పెనుకొండ ఎమ్మెల్యే దగ్గరికే. భానుమతి ఓటడిగి ఓడిన, సునీత ఓటడిగి గెలిచిన ఆ నియోజకవర్గంలో ఇద్దరాడవాళ్లు ఎదురెదురుగా నిలబడి, ఒకరు గెలిచి ఒకరు ఓడి, ఎవరింటికి వాళ్లు పోయారు.

దాని మీద సినిమా తీస్తామని హైదరాబాద్ నుంచి ఎవరైనా వచ్చినట్టు మాత్రం నేను వినలేదు.